మెట్ట కంచంలో అన్నం కథ

హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళేవాళ్ళకి కీసర అంటే ఒక టోల్‌గేటు, మున్నేరు మీద ఒక వంతెన. ఇంకో నలభై కిలోమీటర్లు పోతే ప్రకాశం బ్యారేజీ వచ్చేస్తుంది. మా అమ్మమ్మల కాలంలో కంచంలో ఏం పడుతుందో ఆ నలభై కిలోమీటర్లే తేల్చేవి. బెజవాడకి దిగువనున్న డెల్టావాళ్ళు వరన్నం తినేవాళ్ళు. ఎగువనున్న కీసర, కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట మెట్టవాళ్ళు జొన్నలు తినేవాళ్ళు. అప్పటికి జిల్లా ఒకటే, నది ఒకటే, మాట్లాడే భాషా ఒకటే. కంచాలు మాత్రం వేరు.

ఇప్పుడు జొన్నలకి మళ్ళీ మంచిరోజులొచ్చాయి. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. సూపర్ మార్కెట్లో జొన్నపిండి సన్నబియ్యం కంటే ఖరీదు. వాట్సాప్ తెరిస్తే చాలు, మన పూర్వీకులు జొన్నలు తిని నూరేళ్ళు బతికారని ఎవరో ఒకరు పంపుతూనే ఉంటారు. రోజూ పొయ్యి దగ్గర నిలబడే మనిషిని కాబట్టి నాకు అక్కడ ఒక ప్రశ్న వస్తుంది. అంత మంచి గింజని మన పెద్దవాళ్ళు ఎందుకు వదిలేసినట్టు? వాళ్ళకి తెలివి లేకనా? మన అమ్మమ్మల తెలివిని నేనెప్పుడూ తక్కువ అంచనా వెయ్యను. కారణాలున్నాయి. వాటిలో సగం చరిత్ర పుస్తకాల్లో దొరుకుతాయి, మిగతా సగం రోటి దగ్గర దొరుకుతాయి.

ముందు నీళ్ళ సంగతి చూద్దాం. 1832-33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు ప్రాంతాన్ని, కృష్ణకి ఇటువైపు ఊళ్ళని భయంకరమైన కరువు పట్టింది. ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయ్యాయి. అలాంటి కరువులు చూశాకే కృష్ణకి ఆనకట్ట కట్టాలనే ఆలోచన బలపడింది. సర్ ఆర్థర్ కాటన్ గోదావరికి ధవళేశ్వరంలో చేసిన పనిని కృష్ణకి బెజవాడలో చేశారు. 1852లో మొదలుపెట్టి 1855కి ఆనకట్ట పూర్తిచేశారు. ఇప్పుడు మనం చూసే ప్రకాశం బ్యారేజీ 1957లో దాని స్థానంలో వచ్చింది.

నీళ్ళు పల్లానికే కదా పారతాయి! బెజవాడలో కట్టిన ఆనకట్ట నీళ్ళు దిగువకి, సముద్రం వైపు పోయాయి. అక్కడి భూములు వరిమళ్ళయ్యాయి. ఎగువనున్న మెట్టకి కృష్ణ పక్కనే పారుతున్నా ఆ కాలువ నీళ్ళు ఎక్కలేదు. మున్నేరు ఉంది, చెరువులున్నాయి, బావులున్నాయి, వాటి కింద కాస్తో కూస్తో వరి పండేది. మిగతాదంతా వాననీ, నల్లరేగడిలో నిలిచే చెమ్మనీ నమ్ముకున్న సేద్యమే. ఆ చెమ్మతో పండే గింజ జొన్న. గింజలు మనుషులకి, చొప్ప గొడ్లకి. చేలో జొన్న మధ్య కంది సాళ్ళు వేసేవాళ్ళు. గట్ల మీద గోంగూర, పక్కన అనుములో పెసలో వేసుకునేవాళ్ళు.

ఇలా రెండు కంచాలుండటం మాత్రం ఆనకట్టతో మొదలైంది కాదు. కృష్ణ అవతలి ఒడ్డున పల్నాడు ఉంది కదా, అక్కడి జొన్నకూటిని శ్రీనాథుడు వెక్కిరించాడని చెప్పుకునే చాటువులు మనందరికీ తెలిసినవే. కొండవీటి రెడ్డిరాజుల ఆస్థానంలో సన్నబియ్యం అన్నం రుచి మరిగిన కవి, మెట్ట ఊళ్ళకి వచ్చి జొన్నలు తినలేక విసుక్కున్నాడన్నమాట. ఆ పద్యాలు నిజంగా ఆయనవేనా అన్నది పండితులు తేల్చుకుంటారు. నాకు కనిపించేది వేరే. వందల ఏళ్ళుగా జొన్న తినడం నవ్వులపాటు, వరి తినడం దర్జా.

భాషే చూడండి. అన్నం అంటే సంస్కృతంలో తినేది ఏదైనా అన్నమే. మన నోళ్ళలో అది వరి ఒక్కదానికే పేరైపోయింది. జొన్నతో వండితే జొన్నన్నం అని విడిగా చెప్పాలి. కూడు అనే మాట పాత కావ్యాల్లో మర్యాదగానే తిరిగేది. ఇప్పుడు ఎవరినైనా "కూడు తిన్నావా" అని అడిగి చూడండి, కయ్యానికి వస్తారు. జొన్నకి ఎప్పుడూ కూడు, వరికి ఎప్పుడూ అన్నం. మెట్ట ఊళ్ళ పెద్దవాళ్ళు ఇంకా వరన్నం అని విప్పి చెబుతారు, ఎందుకంటే వాళ్ళ చిన్నప్పుడు అది పండక్కీ, చుట్టం వస్తేనో, జ్వరం తగ్గితేనో కనిపించే వస్తువు. కాలువ కింద సంబంధం దొరికిందంటే "పిల్ల వరన్నం తింటుంది" అని సంతోషపడేవాళ్ళట.

నేను చిన్నప్పుడు ఆ మాటకి అర్థం రుచి అనుకునేదాన్ని. తర్వాత జొన్నన్నం ఎలా వండేవారో మా పెద్దవాళ్ళు విడమర్చి చెప్పాక తెలిసింది, అందులో రుచికంటే పెద్ద సంగతి ఉందని. జొన్నల మీద నీళ్ళు చిలకరించి, కాస్త నాననిచ్చి, రోట్లో పోసి రోకలితో దంచాలి. పైపొట్టు ఊడాక చేటలో చెరగాలి. మళ్ళీ దంచాలి. నూకగా పగలాలి. ఆ నూకని ఎసట్లో పోసి అడుగంటకుండా కలుపుతూ ఉడికించాలి. రొట్టె అయితే తిరగలి తిప్పి పిండి చెయ్యాలి. జొన్నపిండి ఎక్కువ రోజులు నిలవుండదు, చేదెక్కుతుంది. కాబట్టి ఈ పని నెలకోసారి చేసి పెట్టుకునేది కాదు, ఒకటి రెండు రోజులకోసారి ఉండేది. తెల్లవారకముందే లేచి, గర్భిణీ అయినా బాలింత అయినా రోకలి పట్టాల్సిందే. ఆ తర్వాత చేలోకి కూలికి పోవాల్సిందే.

అందుకే, జొన్నల కాలం బంగారు కాలమని ఎవరైనా అన్నప్పుడు, ఆ బంగారాన్ని దంచిందెవరని నాకు అడగాలనిపిస్తుంది. "వరన్నం తింటుంది" అని సంతోషపడిన తల్లి, తన కూతురి భుజాల గురించి కూడా సంతోషపడి ఉంటుంది. వడ్లు కూడా దంచేవాళ్ళే, నిజమే. కానీ వడ్లకి మిల్లు ముందు వచ్చింది.

ఇక ఆరోగ్యం దగ్గరికి వద్దాం. ఇక్కడ కీసర నుంచి కాస్త దూరం, అటు హైదరాబాదు దాకా వెళ్ళాలి. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో తమిళనాడు కొండల్లోని కూనూరులో ఒక చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదు వచ్చింది. అక్కడి శాస్త్రవేత్తలు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో ఒక సంగతి బయటపెట్టారు. దక్కను మెట్టల్లో జొన్న ముఖ్యాహారంగా ఉన్న పేద కూలీల్లో పెల్లాగ్రా అనే జబ్బు కనిపిస్తోంది. ఎండ తగిలే చోట, అంటే మెడ చుట్టూ, చేతుల మీద, కాళ్ళ మీద చర్మం నల్లబడి పొలుసులు కడుతుంది. విరేచనాలు పట్టుకుంటాయి. ముదిరితే మనసు కూడా చెదిరిపోతుంది. నియాసిన్ అనే బి విటమిన్ ఒంటికి అందకపోవడం వల్ల ఇది వస్తుంది. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటం కూడా ఒక కారణమని వాళ్ళు అన్నారు.

ఇదే జబ్బు అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మొక్కజొన్న తినే పేదల్ని వేల సంఖ్యలో చంపింది. అందరూ అంటువ్యాధి అనుకుంటుంటే జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే డాక్టరు 1914 నుంచి ఊరూరా తిరిగి, ఇది అంటుకునేది కాదు, కంచంలో లోటు అని తేల్చాడు. పాలు, మాంసం, పప్పులు తినేవాళ్ళకి అది రాలేదు. మన దగ్గరా అంతే. జొన్నతోపాటు కందిపప్పు, మజ్జిగ, ఆకుకూర తిన్న రైతు ఇంట్లో ఈ జబ్బు భయం తక్కువ. భూమి లేని కూలీకి మాత్రం కూలి గింజల్లో కొలిచేవాళ్ళు. సోలలతో, మానికలతో జొన్నలు కొలిచి ఇచ్చేవాళ్ళు గానీ, పక్కన పప్పు కొలిచి పెట్టరు కదా! కంది సాళ్ళు చేను గలవాళ్ళవి. కూలివాళ్ళ కంచంలో జొన్నా ఉప్పూ మిరపకాయే మిగిలేవి.

అయితే కాలువ కింద వరన్నం తినేవాళ్ళు హాయిగా ఉన్నారా అంటే, వాళ్ళకి వేరే జబ్బు పట్టింది. దాని పేరు బెరిబెరి. కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, వాపులొస్తాయి, గుండె బలహీనమవుతుంది. బి1 విటమిన్ లోపం ఇది. బియ్యం గింజ పైనున్న తవుడు పొరలోనే ఆ విటమిన్ ఉంటుంది. మిల్లులో తెల్లగా పాలిష్ పట్టినకొద్దీ అది పోతుంది. దేశంలో బెరిబెరి ఎక్కువగా కనిపించిన చోటు మన కోస్తా జిల్లాలే, అప్పటి మాటల్లో ఉత్తర సర్కారులు. నేను పైన చెప్పిన కూనూరు పరిశోధనశాలని రాబర్ట్ మెకారిసన్ అనే డాక్టరు మొదలుపెట్టిందే బెరిబెరి మీద పరిశోధనకి. తర్వాత అదే చోట పనిచేసిన ఆక్రాయిడ్ 1940లో బియ్యం సమస్య మీద ఒక నివేదిక రాశాడు.

మరి తమిళులూ బియ్యమే తింటారు కదా, మనకే ఎందుకు? దీనికి జవాబు మన ఇష్టాల్లో ఉంది. తమిళ ప్రాంతంలో చాలామంది ఉప్పుడు బియ్యం వండుకుంటారు. వడ్లని పొట్టుతో నానబెట్టి, ఉడకబెట్టి, ఎండబెట్టి, ఆ తర్వాత బియ్యం పట్టిస్తారు. ఉడికేటప్పుడు తవుడులోని విటమిన్ గింజ లోపలికి దిగుతుంది. ఆపైన పాలిష్ పట్టినా మొత్తం పోదు. మనకేమో ఉప్పుడు బియ్యం వాసన గిట్టదు. అన్నానికి పచ్చి బియ్యమే కావాలి, మల్లెపువ్వులా తెల్లగా ఉండాలి, మెతుకు మెతుకు విడిగా రాలాలి. మిల్లు వచ్చాక ఆ తెలుపు ఇంకా పెరిగింది. పైగా గంజి వార్చి పారబోశాం. ఆ గంజిని తరవాణి కుండలో పోసి పులియబెట్టి తాగిన ఇళ్ళకి కొంత మిగిలింది. తరవాణి పేదల తిండి అనుకుని వదిలేసిన ఇళ్ళకి అదీ దక్కలేదు.

ఈ జబ్బు దెబ్బ ఎవరి మీద గట్టిగా పడేదో ఆడవాళ్ళకి వేరే చెప్పాలా? బాలింతకి పథ్యం పేరుతో పప్పు వద్దు, కూర వద్దు, పండు వద్దు, పాత బియ్యం అన్నమూ కారప్పొడీ చాలన్నారు. తల్లి ఒంట్లో బి1 లేకపోతే పాలలోనూ ఉండదు. చంటిపిల్లకి రెండు మూడు నెలలకే బెరిబెరి వచ్చి, ఉన్నట్టుండి ప్రాణం పోవచ్చు. పూర్వం దిష్టి అనీ బాలగ్రహం అనీ ఏడ్చి ఊరుకున్న చావుల్లో ఇలాంటివి ఎన్నున్నాయో అనుకుంటే గుండె బరువెక్కుతుంది.

ఇప్పుడు రెండు కంచాలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. మెట్టలో జొన్న ఒక్కటే తిన్నవాళ్ళకి పెల్లాగ్రా. డెల్టాలో తెల్లబియ్యం ఒక్కటే తిన్నవాళ్ళకి బెరిబెరి. రెండు జబ్బుల్లోనూ తప్పు గింజది కాదని నా నమ్మకం. కంచంలో గింజని ఒంటరిగా వదిలేశాం, అదీ సంగతి. పక్కన పప్పూ, ఆకుకూరా, చారెడు మజ్జిగా ఉన్నప్పుడు జొన్నా మంచిదే, వరీ మంచిదే. ఒంటరి కంచం ఎవరిదంటే, భూమి లేనివాళ్ళది. లేదా ఇంట్లో అందరికీ వడ్డించాక చివర కూర్చునే మనిషిది.

మెట్ట కంచం ఎప్పుడు మారిందో కూడా చెప్పుకోవాలి. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకి నీళ్ళు వదిలారు. లాల్ బహదూర్ కాలువ అనే ఎడమ కాలువ నల్గొండ, ఖమ్మం దాటి మా మెట్టకి చేరింది. చివరి భూములకి నీళ్ళు సరిగా రావన్న గొడవ ఈనాటికీ ఉన్నా, బెజవాడ ఆనకట్ట ఇవ్వలేనిది సాగర్ ఇచ్చింది. నీళ్ళందిన చోట వరి వచ్చింది. అందని చోట పత్తి, మిరప, సుబాబుల్ వచ్చాయి. జొన్నచేలు తగ్గాయి, వాటి మధ్య కంది సాళ్ళూ తగ్గాయి.

1983లో ఎన్టీ రామారావు కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టారు. ఆయన పుట్టిన నిమ్మకూరు డెల్టా ఊరే. పండగనాటి అన్నం రోజూ అన్నమైంది. కూలికి వెళ్ళే ఆడమనిషికి ఆ పథకం ఏమిచ్చిందో లెక్కలు కట్టేవాళ్ళు చాలామంది రాశారు. వాళ్ళు తక్కువగా రాసినది ఒకటుంది, ఆమె రోకలి పక్కన పెట్టింది. కడిగి ఎసట్లో పోస్తే చాలు, అన్నం అయిపోతుంది. పిల్లని బడికి పంపే వేళ దొరికింది. 1986లో బాపట్ల నుంచి సాంబ మసూరి వచ్చింది. శ్రీనాథుడికి రాజుగారింట్లో దొరికిన సన్నన్నం మామూలు ఇంటికీ వచ్చేసింది. ఇందులో నవ్వడానికేమీ లేదు. ఎన్ని తరాలు ఎదురుచూసిన కంచమో అది!

కానీ ఆ కంచంలో ఇప్పుడు మళ్ళీ గింజ ఒంటరిదవుతోంది. ఈసారి జబ్బు పేరు వేరు. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని అంచనా వేసింది. ఆడవాళ్ళకి ఇంకోటి కూడా ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత. వంద గ్రాముల జొన్నల్లో ఇనుము నాలుగు మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. పాలిష్ బియ్యంలో ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. అందుకే రేషన్ బియ్యంలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపిన గింజలు కలుపుతూ వచ్చారు. కడిగేటప్పుడు నీళ్ళ మీద తేలేవి అవే. ప్లాస్టిక్ బియ్యమని భయపడి ఏరి పారేస్తున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. పారేయకండి, మీ చుట్టుపక్కల వాళ్ళకీ చెప్పండి.

ఇలాంటి సమయంలో జొన్న తిరిగి వస్తోంది. రానివ్వండి, మంచిదే. అయితే చాలా ఇళ్ళలో అది ఎలా వస్తోందో గమనించారా? ఇంటాయనకి షుగర్ అని తేలుతుంది. ఆయనకి వేడివేడిగా రెండు జొన్నరొట్టెలు. పిల్లలకి అన్నం. అత్తగారికి మెత్తగా ఇంకేదో. అందరివీ అయ్యాక ఆవిడ మిగిలిన అన్నంలో మిగిలిన పులుసు పోసుకుంటుంది. రెండు నిమిషాల్లో తినేసి, వెంటనే టీ తాగుతుంది. ఆ టీ వల్ల తిన్నదాంట్లో ఉన్న కాస్త ఇనుమూ ఒంటికి సరిగా పట్టదు. అంటే జొన్న తిరిగొచ్చింది, రోకలి బదులు రొట్టెల పీట చేతికొచ్చింది, గింజ మాత్రం ఆవిడ కంచంలోకి రాలేదు.

నేను మా ఇంట్లో చేసుకున్న ఏర్పాటు చెబుతాను, నచ్చితే మీరూ చూడండి. ఒకరికి మందులాగా విడిగా చెయ్యడం మానేశాను. వారంలో మూడు రోజులు రాత్రిపూట అందరికీ జొన్నే. రొట్టెలు చెయ్యడానికి ఓపిక లేకపోతే జొన్నరవ్వ తెచ్చి, నాలుగు గంటలు నానబెట్టి, కుక్కర్లో పెట్టేస్తాను. రోలు లేదు, రోకలి లేదు. పక్కన పప్పుగోంగూర తప్పనిసరి. చివర్లో మజ్జిగ, పైన నిమ్మకాయ ఊరగాయ. పిల్లలు మొదట మూతి ముడిచారు, అచ్చం శ్రీనాథుడిలాగే. ఇప్పుడు అలవాటైంది. తొలి ఏకాదశికి జొన్నపేలాలు వేయించి బెల్లంతో పిండి కొట్టడం మనలో ఎవరూ మానలేదు కదా. అందరం మర్చిపోయినప్పుడు కూడా ఆ ఒక్క పండగ జొన్నని మన ఇళ్ళలో నిలబెట్టింది. ఆ రోజు పిల్లలకి ఈ కథ కాస్త చెప్పండి.

ఇంకొక్కటి. అందరితోపాటే కూర్చుని, అదే కంచంలో, అదే పప్పు వేసుకుని తినండి. టీ ఒక గంట తర్వాత తాగండి. మన ముందు తరాల ఆడవాళ్ళకి రోకలి దించుకోవడానికే ఒక జీవితకాలం పట్టింది. మనకి పీట వాల్చుకుని కూర్చోవడానికి అంత కాలం పట్టనక్కర్లేదు.